అరవై నాలుగు చెట్ల గోడ

ఆ గోడ పేరెత్తితే చాలు, ఊళ్ళో సగం మంది మాట మార్చేస్తారు. మిగతా సగం మంది కుర్చీ ముందుకు జరుపుకుంటారు. మీరు ఏ సగమో మీరే తేల్చుకోండి.

కొత్త రోడ్డు చివర, చెత్త లారీలు మలుపు తిరిగే చోట ఒక పొడుగాటి గోడ ఉంది. దాని మీద అడవి ఉంది. నిజం అడవి కాదులెండి, రంగులతో వేసిన అడవి. నిజంది గోడ వెనక ఉండేది. ఇప్పుడక్కడ మొద్దులున్నాయి, కంకర గుట్టలున్నాయి, మట్టి తవ్వే యంత్రం పళ్ళ గాట్లున్నాయి. దారినపోయేవాళ్ళకి ఆ మొద్దులు కనబడి మనసు పాడవకూడదని, తోపు నరికించిన తోటల ఆఫీసువాళ్ళు గోడ కట్టారు. ఉత్త గోడ చూసినా మనసు పాడవుతుందేమోనని దాని మీద అడవి బొమ్మ వేయించారు. జనం మనసుల గురించి అంత ఆలోచించే ఆఫీసు ఇంకోటి ఉండదు.

రాత్రి పది దాటాక ఆ గోడ పక్కన నడవకూడదు... ఇది ఊరి మాట.

ఎందుకంటే, గోడ ఏడుస్తుంది.

ఉత్తుత్తి ఏడుపు కాదు. ముందు ఎక్కడో 'గుర్ర్ర్...' మని గొంతు సవరించుకుంటుందట. తర్వాత 'స్స్స్స్...' అని ఊపిరి వదులుతుందట. ఒంటికన్ను ఒకటి గోడ పొడుగునా కదులుతూ ఒక్కో చెట్టునీ పలకరించి పోతుందట. పొద్దున చూస్తే ఆకుల్లోంచి పచ్చటి కన్నీళ్ళు కారి రోడ్డుకి అడ్డంగా పారి ఉంటాయి. ఈ చివరిది మాత్రం 'అట' కాదు, అందరూ కళ్ళారా చూశారు. పాలు పోసేవాడు సైకిలు దిగి అందులో వేలు ముంచాడు. వేలు పచ్చబడింది. ఆ వేలిని వారం రోజులు ఇంటింటికీ చూపించి, ఎనిమిదో రోజు నుంచి వేరే దారిన పోవడం మొదలుపెట్టాడు.

నరికిన చెట్ల ఆత్మలు గోడలో దూరాయని జనం చెవులు కొరుక్కున్నారు. చెట్టుకి ఆత్మేంటయ్యా అంటే, మనిషికి ఉన్నప్పుడు దానికీ ఉంటే నీకేం పోయింది అని దబాయించేవాళ్ళు కూడా తయారయ్యారు.

ఈ గొడవలో అందరికన్నా నలిగిపోయినవాడు ఆ గోడకి రంగులు వేసిన పెయింటరు.

షాపుల బోర్డులు, లారీల వెనక రాతలు, బడి గోడల మీద అక్షరాలు... ఇదీ అతని పని. చెయ్యి మంచిది, నోరు మెత్తనిది. పెళ్ళాన్ని అడిగితే బుర్ర కూడా మెత్తనిదేనంటుంది.

ఆవిడెవరో చెప్పాలి కదా. ఆ నరికేసిన తోపుకి కాపలా కాసినాయన కూతురు. కుర్రతనంలో పెయింటరు ఆ పిల్లని చూడటం కోసం బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని రోజూ తోపులోకి పోయేవాడు. "ఏంటబ్బాయ్ ఇక్కడ నీ పని?" అని కాపలాదారు అడిగితే, "చెట్లు గీసుకుంటున్నానండీ" అనేవాడు. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి నిజంగానే గీయాల్సి వచ్చింది పాపం! ఆ పిల్ల ఊఁ అనేసరికి మూడేళ్ళు పట్టింది. అప్పటికి తోపులో ఉన్న అరవై నాలుగు చెట్లూ పుస్తకంలోకి ఎక్కేశాయి.

కాపలాదారు ఆ పుస్తకం చూసే పిల్లనిచ్చాడు. "చెట్టునే ఇంత ఓపిగ్గా చూసినవాడు నా కూతుర్ని సరిగ్గా చూసుకోడా!" అన్నాడట. తోపు నరకడానికి రెండేళ్ళ ముందే ఆయన కన్ను మూశాడు. అదృష్టవంతుడు.

నరికిన నెలకి ఆఫీసు నుంచి పెయింటరుకి కబురొచ్చింది, గోడ మీద అడవి కావాలని.

ఆ మాట ఇంట్లో చెప్పగానే ఆవిడ కుట్టుమిషను ఆపేసింది. సూది కింద గుడ్డ అలాగే ఉంది.

"పీక కోసినవాళ్ళ కోసం పోయినవాళ్ళ పటం గీసిస్తావా?"

"నేను కాదంటే ఇంకెవడో వచ్చి రెండు కొండలూ మధ్యలో సూర్యుణ్ణీ పెట్టి పోతాడే. నేనైతే మన చెట్లే వేస్తాను. ఒక్కటి కూడా వదలను."

"వేసుకో. ఛస్తే నేను దానివైపు చూడను."

అంతే. ఆ రోజు నుంచి మొగుడితో మాటల్లేవు. చెప్పాల్సింది ఏదన్నా ఉంటే గిన్నెలకి చెప్పేది. "చల్లారిపోతే నన్ననొద్దని చెప్పవే గిన్నే!" అనేది. "ఇదిగో వస్తున్నానని చెప్పవే చెంబూ" అనేవాడు ఆయన. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో వంటసామాన్లే మాట్లాడుకుంటున్నాయి, మనుషులు కాదు.

ఆయనకి లోపల ఒకటే ఆశ. ఆవిడ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వచ్చి ఆ గోడ చూస్తే చాలు. వంకర కొమ్మ వంకరగానే ఉంది, పిడుగుపడి చీలిన చింత చీలికతోనే ఉంది. అవి చూస్తే ఎంత కోపమైనా దిగిపోదా? ఆవిడ కోసమే వేశాడా గోడ. ఆఫీసు కోసమైతే వారంలో ముగించేవాడు.

తీరా పని పూర్తయ్యాక ఇదీ వరస. పొద్దున రంగు, రాత్రి ఏడుపు. ముందు రంగులో బంక తక్కువైందేమోనని తన చేతినే తిట్టుకున్నాడు. మళ్ళీ కలిపాడు, మళ్ళీ వేశాడు. మళ్ళీ కారింది.

బుధవారం పొద్దున తోటల ఆఫీసరు వచ్చి, రోడ్డు మీది పచ్చనీళ్ళలో బూటు తడవకుండా దూరంగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, సోమవారం పెద్దవాళ్ళు వచ్చి రోడ్డు ప్రారంభిస్తారు. అప్పటికి నీ చెట్లు ఇలాగే ఏడుస్తుంటే ఈ చివర నుంచి ఆ చివరికి సున్నం కొట్టించేస్తాను. నాకీ దెయ్యాల గోల వద్దు."

పెయింటరు గోడవైపు తిరిగాడు. సున్నం కొడితే ఇంకేముంది? తోపు రెండోసారి పోయినట్టే. ఆవిడ చూడకుండానే పోయినట్టు. ఇక జన్మంతా గిన్నెలతోనే కాపురం.

ఆ రాత్రే వెళ్ళి కూర్చున్నాడు... గోడకెదురుగా, ఇసక గుట్ట చాటున. చేతిలో రంగు కలిపే కర్ర ఒకటి. దెయ్యం వస్తే దాంతో ఏం చేద్దామనుకున్నాడో ఆయనకే తెలియాలి.

పది కొట్టింది. పదిన్నర...

చీమ చిటుక్కుమనడం లేదు. వీధి దీపం రెండుసార్లు రెప్పకొట్టి ఆరిపోయింది. అప్పుడు వినబడింది... దూరంగా, మలుపు అవతల...

గుర్ర్ర్ర్...

పెయింటరు కర్ర గట్టిగా పట్టుకున్నాడు.

చీకట్లోంచి ఒంటికన్ను వచ్చింది. తెల్లగా, గుండ్రంగా. దాని వెనక పెద్ద పొట్ట, ఇంటి గది అంత పొట్ట. మొదటి చెట్టు దగ్గర ఆగింది. కన్ను చెట్టుని కింద నుంచి పైదాకా చూసింది. పొట్టలోంచి పొడుగాటి తొండం ఒకటి బయటికొచ్చి, గోడ మీదికి లేచి...

స్స్స్స్స్...

"అమ్మబాబోయ్!" అని పెయింటరు అరిచిన అరుపుకి ఆ తొండం చెంగున ఎగిరి ఆయన్నే నిలువెల్లా తడిపేసింది.

"ఎవరది? ఎవరది?" అని దెయ్యం ఇంకా గట్టిగా అరిచింది. "దగ్గరికి రాకు! నాకు పిల్లలున్నారు!"

దెయ్యానికి పిల్లలేమిటి? పెయింటరు ముఖం తుడుచుకుని చూశాడు. నీళ్ళ టాంకరు. ఒకే లైటు వెలిగే పాత టాంకరు. పైపు పట్టుకుని గజగజా వణుకుతున్న టాంకరు డ్రైవరు.

ఇద్దరూ కాసేపు ఒకరి గుండె చప్పుడు ఒకరు విన్నారు. తర్వాత పెయింటరుకి ఒళ్ళు మండింది.

"నా గోడకి నీళ్ళెందుకు కొడుతున్నావయ్యా?"

"గోడకి కాదన్నా..." డ్రైవరు తల గోక్కున్నాడు. "చెట్లకి."

"అవి బొమ్మలు!"

"నాకు తెలీదా అన్నా? కళ్ళున్నాయిగా." జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "కాగితానికి తెలీదు."

విషయం ఏమిటంటే, చెట్లు నరికితే వాటికి బదులు మళ్ళీ పెంచాలని రూలు. పెంచారా లేదా అన్నది పై ఆఫీసువాళ్ళు ఫోటో చూసి తేలుస్తారు. తోటల ఆఫీసరు సాయంత్రం పూట రోడ్డు అవతల నిలబడి గోడని ఫోటో తీసి పంపాడు. అక్కడెవరో వేలు పెట్టి లెక్కపెట్టారు. అరవై నాలుగు. ఏపుగా ఉన్నాయి, సంతోషం అన్నారు. చెట్లుంటే నీళ్ళు పోయాలి కదా, వెంటనే టాంకర్ల షెడ్డుకే ఆర్డరు వేశారు. చెట్టుకి రెండు బిందెల చొప్పున, రోజూ, మూడేళ్ళపాటు, ఆదివారాలతో సహా.

"మరి నువ్వు చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదూ! అవి బొమ్మలు సార్ అన్నాను. బొమ్మలకి నీళ్ళొద్దని రాసిన కాగితం ఏదన్నా ఉందా అన్నారు. లేదన్నాను. అయితే పొయ్యి అన్నారు." డ్రైవరు గొంతు తగ్గించాడు. "పగలు పోస్తే జనం నవ్వుతారని రాత్రి పోస్తున్నాను. పోసినట్టు ఫోటో కూడా పంపాలి. ఫోటో చూసి వాళ్ళు, ఆకులు వెలిసిపోతున్నాయి, నీళ్ళు చాలట్లేదు, రెట్టింపు చెయ్యి అన్నారు. చేశాను. ఇంకా వెలిసిపోయాయి. ఇవాళ ఎరువు పంపించారు. అదిగో, నాలుగు బస్తాలు."

పెయింటరుకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ చేశాడు. తను రాత్రింబగళ్ళు తిట్టుకున్న చెయ్యి మంచిదే! బంకా మంచిదే! ఆ క్షణంలో ఆ డ్రైవర్ని కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలని కూడా అనిపించింది.

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. పైపు గోడవైపు పెట్టి ముందు ఫోటో తీసుకోవాలి. నీళ్ళు మాత్రం కుళాయి సరిగ్గా రాని వెనక వీధివాళ్ళ బిందెల్లో పోసెయ్యాలి.

"ఎరువో?" అన్నాడు డ్రైవరు.

"ఆఫీసు ముందు పూలకుండీల్లో వెయ్యి."

గురువారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా పెయింటరు నిచ్చెన దిగలేదు. కారిన ఆకుల్నీ కొమ్మల్నీ మళ్ళీ నిలబెట్టాడు. శుక్రవారం తెల్లారగానే పరిగెత్తుకెళ్ళి చూస్తే రోడ్డు పొడిగా ఉంది! చెట్లన్నీ నవనవలాడుతున్నాయి! ఒకటి... రెండు... అరవై... అరవై మూడు...

చివరి చెట్టు దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి.

నేరేడు. గోడ ఆ చివర, మురిక్కాలవ దాటాక ఉన్న చెట్టు. అదొక్కటీ మొదలంతా తడిసి ఉంది. పచ్చటి ధార సన్నగా, నెమ్మదిగా... ఇంకా కారుతూనే ఉంది.

పాత తడేమోలే అని సర్దిచెప్పుకుని మళ్ళీ రంగు వేశాడు. శనివారం పొద్దున మళ్ళీ అదే. సాయంత్రం టాంకర్ల షెడ్డుకి వెళ్ళి డ్రైవరు కాలర్ పట్టుకున్నంత పని చేశాడు.

"ఆ ఒక్క చెట్టునీ ఎందుకు వదలవయ్యా? నీకు నేనేం ద్రోహం చేశాను?"

డ్రైవరు వింతగా చూశాడు. చుట్టూ చూసి, చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు.

"అన్నా... నా పిల్లల మీద ఒట్టు. ఆ చెట్టుకి నేనెప్పుడూ పొయ్యలేదు."

"అంటే?"

"టాంకరు కాలవ దాటదు. నా పైపు అక్కడిదాకా అందదు. మొదటి రోజు నుంచీ అరవై మూడింటికే పోసి, అరవై నాలుగని రాసుకొస్తున్నాను."

పెయింటరు రెండడుగులు వెనక్కి వేశాడు. మొదటి రోజు నుంచీ ఆ నేరేడు కారుతూనే ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా అదే కారింది.

"ఆ చివరికి పోకన్నా," అన్నాడు డ్రైవరు. "చెప్పలేదంటావేమో. అక్కడ... ఏదో ఉంది."

పోకుండా ఎలా ఉంటాడు? సోమవారం మీదికొచ్చేస్తోంది. ఆ ఒక్క చెట్టు ఏడ్చినా గోడంతటికీ సున్నమే.

ఇంటికెళ్ళి తిన్నాననిపించుకున్నాడు. "గోడ దగ్గరికి పోతున్నాను, ఒకవేళ రాకపోతే..." అని చెంబుకి చెప్పబోయి ఊరుకున్నాడు. ఆవిడ అటు తిరిగి పడుకునుంది. పిల్లిలా బయటికొచ్చి, కాలవ దాటి, కరెంటు స్తంభం నీడలో నక్కాడు.

పదకొండు. ఏమీ లేదు. పన్నెండు... కుక్క ఒకటి వచ్చి నేరేడు బొమ్మ మొదట్లో వాసన చూసి, తోక ముడుచుకుని పారిపోయింది. ఒంటి గంట. రెండు. చలికి దవడలు టకటకమంటున్నాయి. మూడు... మూడున్నర...

టప్... టప్... టప్...

గజ్జెల చప్పుడు కాదు. దెయ్యమైతే గజ్జెలుండాలి కదా! ఇది చెప్పుల చప్పుడు. అరిగిపోయిన చెప్పుల చప్పుడు. దాంతోపాటు తొణికే చప్పుడు ఒకటి.

తెల్లటి ఆకారం. తల మీద ముసుగు. ఒకవైపుకి ఒరిగి నడుస్తోంది. పైప్రాణాలు పైనే పోయాయి పెయింటరుకి. కళ్ళు మూసుకుందామనుకున్నాడు, రెప్పలు పడలేదు. ఆకారం తిన్నగా నేరేడు బొమ్మ దగ్గరికొచ్చింది. వంగింది. గోడ మొదట్లో, దోసిలితో కాస్త... కాస్త... నీళ్ళు పోస్తోంది. మధ్యమధ్యలో మాను మీద అరచేత్తో నిమురుతోంది. ఏదో గొణుగుతోంది.

అప్పుడు చూశాడు ఆయన, దెయ్యం పక్కనున్న బకెట్టుని. నీలం బకెట్టు. అంచుకి పచ్చరంగు మరకలు. పిడి విరిగితే తనే తీగ చుట్టాడు దానికి.

దెయ్యం పక్కన తమ ఇంటి బకెట్టు!

"ఏమేయ్!" అన్నాడు. అరుద్దామనుకున్నాడు కానీ గొంతు కీచుమంది.

ఆకారం ఉలిక్కిపడలేదు. ఇటు తిరిగి, ముసుగు కాస్త వెనక్కి నెట్టింది.

"మెల్లిగా. అందరూ లేస్తారు," అని గుసగుసగా అంది పెళ్ళాం. నాలుగు నెలల తర్వాత, గిన్నెకి కాదు, చెంబుకి కాదు... తనకే.

"నువ్వా! నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

"నాలుగింటికి కుళాయి వస్తుంది కదా. మొదటి బకెట్టు ఇక్కడికి తెస్తున్నాను. నువ్వు మొద్దునిద్ర పోతావు, నీకేం తెలుస్తుంది? ఇవాళ నువ్వు రాత్రే బయటికొచ్చేశావని నిన్నటి నీళ్ళే తెచ్చాను, చీకట్లో ఎక్కడ పడి ఉన్నావో చూద్దామని."

"ఎన్నాళ్ళ నుంచీ?"

"నువ్విది వేసిన రోజు నుంచీ."

ఛస్తే చూడనంది. రోజూ చూస్తోంది! ఛాతీలో ఏదో పొంగుకొచ్చింది. సంతోషమే అది, కానీ కళ్ళలోంచి వచ్చింది.

"మొదటి రోజు ఉమ్మేసి పోదామని వచ్చాను," అంది ఆవిడ. "కింది కొమ్మ మీద గాటు పెట్టావు చూడు... నాన్న లాంతరు తగిలించుకునేవాడే, ఆ గాటు... అది కూడా వేశావు. చూశాక ఉమ్మలేకపోయాను."

"అయినా నా బొమ్మని నువ్వే పాడు చేస్తున్నావు కదే! రంగు కారిపోతోంది!"

"నీ బొమ్మ ఎవరు చూశారు? నేను చెట్టుకి నీళ్ళు పోస్తున్నాను."

"అది గోడే, పిచ్చిదానా! రేపొచ్చి సున్నం..."

"రంగు పోతే మళ్ళీ వెయ్యి. నాలుగు నెలలుగా వేస్తూనే ఉన్నావుగా. నీళ్ళు పొయ్యకపోతే మాత్రం చెట్టు ఎండిపోతుంది. ఆమాత్రం తెలీదా? మూడేళ్ళు తిరిగావు తోపులో."

అని నవ్వింది. నిజంగా నవ్వింది, నోరారా. తోపులో చెట్టు చాటు నుంచి నవ్వినట్టే నవ్వింది. ఆ నవ్వు బాగా చూడాలని ఆయన గబగబా జేబులోంచి టార్చి తీసి ముఖం మీద వేశాడు.

వేసి... అలాగే కొయ్యబారిపోయాడు.

ఆవిడ నాలుక నల్లగా, నీలంగా ఉంది. నాలుకే కాదు, పెదవుల లోపలి అంచులూ, పళ్ళ సందులూ... చిక్కటి నేరేడు రంగు. నేరేళ్ళ కాలం కాదిది. కాలమైనా ఊళ్ళో ఒక్క నేరేడు చెట్టన్నా మిగిలి ఉంటే కదా! గోడ మీద చెట్టుకి తను ఆకులు వేశాడు, కొమ్మలు వేశాడు. కాయ మాత్రం వెయ్యలేదు. ఒక్కటి కూడా వెయ్యలేదు.

"ఏం... ఏం తిన్నావే?"

ఆవిడ దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లలా టక్కున నోరు మూసుకుంది. తర్వాత కొంగు చాటునున్న పిడికిలి బయటికి తీసి, ఆయన అరచెయ్యి లాక్కుని, అందులో రెండు పళ్ళు పెట్టింది. మెత్తగా, చల్లగా, ఒకవైపు మట్టి అంటుకుని ఉన్నాయి.

"నీకని దాచానులే, తిను," అంది గుసగుసగా. "రాలినవే. నేనేమీ కొయ్యలేదు."